నీలం కొక్కు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న ఆ వానాకాలం మా కాలేజీకి తాళం పడింది. జనగామ నుంచి బదిలీ మీద ఘనపూర్ వచ్చి వృక్షశాస్త్రం చెబుతున్నాను అప్పట్లో. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం అడవి అంచున తిరగడం, అదే పని. అక్కడే కొక్కులేరే అవ్వ పరిచయమైంది. పక్క తండా ఆమెది. పుట్టగొడుగులను మావైపు కొక్కులంటాం.

అవ్వ కొక్కును పీకదు. కొడవలి మొనతో మొదట్లో కోసి, ఆ చోట ఆకులు కప్పుతుంది. వేరు కదిలితే మరుసటి ఏడు రాదట. ఓరోజు నన్ను వెదురు పొదల వెనక్కి తీసుకెళ్లింది. కుళ్లిన మొద్దు మీద మూడు చిన్న గొడుగులు, పెన్నులో పోసే సిరా రంగులో. అంత ముదురు నీలం నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. ఇవి తినరని, ఏటా వచ్చి చూసిపోతానని, ఎవరికీ చెప్పొద్దని అంది. సరేనన్నాను.

మూడోనాడు ఒక్కదాన్నే వెళ్లి, మూడింటినీ మొద్దు ముక్కతో సహా పెకలించి టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చాను. ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు. మన అడవిలో ఏముందో చూడండని డబ్బా అందరికీ చూపించాను. ఎక్కడిదని అడిగితే, నేనే వెతికి పట్టుకున్నానన్నాను. చప్పట్లు కొట్టారు. మన సొమ్ము ఎవరో ఎత్తుకుపోతున్నారని అంతకు గంట ముందే మైకులో గొంతు చించుకున్నదీ నేనే.

అవ్వ అక్కడే ఉంది. సమ్మె చేసేవాళ్ల కూరకని గంపెడు కొక్కులు తెచ్చింది. డబ్బా దగ్గరికి రాలేదు. నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"పీకినవా బిడ్డా, కోసినవా?"

"కోసిన అవ్వా."

తలూపి, కూర కలపడానికి వెళ్లిపోయింది. సాయంత్రానికి నీలం నల్లబడి నీరు కారింది. డబ్బా మోరీ దగ్గర కడిగేశాను. ఆ కూర మాత్రం రెండుసార్లు వేయించుకుని తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మరుసటి వానాకాలం అవ్వే పిలిచి మళ్లీ అక్కడికి తీసుకెళ్లింది. మొద్దు విరిగి ఉంది. చుట్టూ నేల ఖాళీ. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా అవ్వే అంది.

"ఏ అడివిపందో కెలికింది బిడ్డా. నువ్వు కోసినవు గద, ఏరు లోపట్నే ఉంటది. వస్తది తియ్."

దోసెడు ఆకులు తెచ్చి మొద్దు విరిగినచోట పడ్డ గుంటను కప్పింది. నేనూ వంగి గుప్పెడు ఆకులు వేశాను.