అయిదు నిమిషాల పాట

సాంబయ్య గురించి రాస్తున్నానని ఫోన్లో చెబితే మా పాటల బృందంలోని సుధీంద్ర నవ్వాడు. "మోటార్లు చుట్టుకునే మనిషి మీద రాయడానికేముందండీ?" అన్నాడు. ఆ మాట అన్నందుకే రాస్తున్నాను.

సాంబయ్యకు నాచారం పారిశ్రామికవాడలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. షాపంటే ఒక షట్టరు, ఒక బల్ల, ఒకే ఒక్క కుర్చీ, చుట్టూ రాగి తీగ చుట్టలు. జనగామ దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట వచ్చి, ముప్పై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లను బాగుచేస్తున్నాడు. స్విచ్చి వేసి ఒక్క క్షణం వింటే చాలు, బేరింగ్ పోయిందో, తీగ కాలిందో చెప్పేస్తాడు. అలాంటి చెవి మాలో ఎవరికీ లేదు.

మేమంటే ఉప్పల్‌లో ప్రతి ఆదివారం సాయంత్రం జనార్ధనరావు గారింట్లో చేరి జాజ్ రికార్డులు వినే ఏడుగురం. అందరం ప్రభుత్వ ప్రయోగశాలల్లో రిటైరైన వాళ్ళమే. నేను, అనంతలక్ష్మిని, ముప్పై రెండేళ్ళు కొలత పరికరాలు సరిచూసే విభాగంలో పనిచేశాను. రికార్డులను మేం అట్టలతోనే గుర్తుపెట్టుకుంటాం. నీలం అట్ట, గొడుగు అట్ట, చిరిగిన అట్ట. ప్లేయర్ మాత్రం జనార్ధనరావు గారికొక్కరికే ఉంది. పద్దెనిమిదేళ్ళ క్రితం ఏదో సదస్సుకని చికాగో వెళ్ళి మోసుకొచ్చారు.

నీలం అట్ట మీద మా వాదాలకు అంతుండేది కాదు. డ్రమ్స్ వాయించేవాడే గొప్పవాడని సుధీంద్ర, పియానో అని నేను. జనార్ధనరావు గారు ట్రంపెట్ తప్ప ఇంకో మాట ఎత్తనిచ్చేవారు కారు. "ఆ నిదానం చూడండి. గుండె పగిలినవాడు తప్ప ఇలా ఊదలేడు" అని కళ్ళు తుడుచుకునేవారు. మేమూ తుడుచుకునేవాళ్ళం. ఎవరైనా ఫోన్లో అదే పాట పెడితే చురుగ్గా, స్వరం పెంచి వాయించినట్టు వినిపించేది. "అది వేరే టేకండీ, ఇంకోసారి రికార్డు చేసింది. అసలుది నా దగ్గరే ఉంది" అనేవారాయన. దాని మీద పదిహేడు పేజీల వ్యాసం రాసి మా అందరి చేతా చదివించారు కూడా.

మూడేళ్ళ కిందట ప్లేయర్ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ రొద పెడుతుంటే సాంబయ్య వచ్చి బాగుచేశాడు. పరీక్షించడానికి నీలం అట్ట పెట్టారు. ఆయన సంచీ చంకన పెట్టుకుని పాట అయ్యేదాకా కదల్లేదు. "మల్ల రావచ్చా సార్?" అని అడిగాడు. సరేనన్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చి తలుపు పక్క స్టూలు మీద కూర్చునేవాడు. మాకు పింగాణీ కప్పుల్లో టీ, ఆయనకు కాగితం కప్పు. మూడేళ్ళు ఆ కాగితం కప్పును చూస్తూ నేను నోరెత్తలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒకసారి ట్రంపెట్ గొడవ మధ్యలో, "జర ఆ పెద్ద తీగెలాయన్ని ఇనున్రి సార్. అందరు ఆయన మీద్నే నడుస్తున్రు" అన్నాడు. బేస్ అనే నిలువెత్తు తీగ వాయిద్యం వాయించే అతని సంగతి. ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికెళ్ళి ఫోన్లో శ్రద్ధగా విన్నాను. నిజమే.

పోయిన శ్రావణంలో ప్లేయర్ బెల్టు తెగింది. వారం మధ్యలో సాంబయ్య వచ్చి మార్చి వెళ్ళాడు. ఆదివారం వస్తూ కాగితంలో చుట్టిన చిన్న ఇత్తడి పుల్లీ, బెల్టును తిప్పే చక్రం, తెచ్చాడు. నీలం అట్ట మొదటి పాట మొదలవగానే చేతి గడియారం చూసుకున్నాడు. పాట అయ్యాక మళ్ళీ చూసుకుని లేచాడు.

"సార్, లోపల మోటార్ మీద అరవై సైకిళ్లని ఉంది. అమెరికల కరెంటు సెకనుకు అరవై సార్లు అటిటు మారుతది. మన దగ్గర యాభయ్యే. గందుకే నెమ్మదిగ తిరుగుతుంది."

"ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం కదయ్యా!" అన్నారు జనార్ధనరావు గారు.

"అది వోల్టేజీ తగ్గిస్తది సార్, సైకిళ్లు మార్వదు. అట్ట మీద పాట ఐదు నిమిషాలని రాసుంది. ఆరు పట్టింది. లేత్ మీద జర పెద్ద పుల్లీ చేయించిన. ఎక్కిస్తే అయిపాయె."

జనార్ధనరావు గారి మొహం కందిపోయింది. "నలభై ఏళ్ళు సైన్సు చేసినవాళ్ళం కూర్చున్నాం ఇక్కడ. మోటార్లు చుట్టేవాడివి, నువ్వు మాకు జాజ్ నేర్పుతావా?"

"జాజ్ సెప్తలేను సార్. మోటార్ సంగతి సెప్తున్న."

"ఇక నువ్వు రానక్కర్లేదు."

నేను తల వంచుకుని నా చేతి గడియారం వైపు చూస్తూ ఉండిపోయాను. సాంబయ్య పుల్లీని స్టూలు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కాగితం కప్పులో టీ అలాగే ఉంది.

నెల తిరక్కుండానే నీలం అట్ట పాట సరిగ్గా అయిదు నిమిషాలకు ముగిసింది. "ఎంతో పరిశోధించాను. వేగంలో చిన్న లోపం ఉందని కనిపెట్టాను" అన్నారు జనార్ధనరావు గారు. సుధీంద్ర చప్పట్లు కొట్టాడు. నేను లేచి, రికార్డు తిరిగే పళ్ళెం ఎత్తి చూశాను. కింద ఇత్తడి పుల్లీ మెరుస్తోంది.

"ఇదెవరిదండీ?" అన్నాను.

"పాత విషయాలెందుకండీ ఇప్పుడు."

"పద్దెనిమిదేళ్ళు కరెంటు తేడాకు కూర్చుని ఏడ్చాం. పోనీండి, తెలియక ఏడ్చాం. చెప్పిన మనిషిని గెంటేసి, ఆయన చేయించిన ముక్కతోనే పాట వింటున్నారే, సిగ్గనిపించడం లేదూ?"

నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను.

మర్నాడు నాచారం వెళ్ళాను. సాంబయ్య పనాపి నిలబడ్డాడు.

"ఐదుకు అయిపోతుందా మేడం?"

"సరిగ్గా అయిదు."

మొహం విప్పారింది. "పెద్ద తీగెలాయన ఎట్లున్నడు?"

"పరిగెత్తుతున్నాడు."

గట్టిగా నవ్వాడు. నేను జనార్ధనరావు గారిని కసితీరా తిట్టాను. సాంబయ్య చేతులు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు.

"ఆ సారుకు దెల్వదు. కోపమొచ్చింది, అన్నడు. గని మేడం, ఆ దినం మీరు గూడ గడియారం సూసిన్రు. పాట మొదలైనప్పుడు సూసిన్రు, అయినంక సూసిన్రు. మీకు గూడ ఆరే వచ్చింది. మీరొక్క మాట అని ఉంటే నేను ఆడ్నే కూసుంటుంటి."

ముప్పై రెండేళ్ళు కొలతలు సరిచూసి జీతం తీసుకున్నదాన్ని. సాంబయ్య ఉన్న ఒక్క కుర్చీని తుడిచి నా వైపు జరిపాడు. తను నేల మీద కూర్చుని కాలిన మోటారు విప్పడం మొదలుపెట్టాడు.