పులిని చూస్తానన్న చేపలప్ప

మొన్న మంగళవారం పొద్దున్నే సముద్రం ఒడ్డునున్న యారాడ నుంచి ఫోనొచ్చింది. "అమ్మ ఎల్లిపోనాది బాబూ," అంది అవతలి గొంతు. మా చేపలప్ప చిన్నకొడుకు. రెండు రోజులుగా జ్వరమట. ఆస్పత్రికి రమ్మంటే ఈ వేటలో పడ్డ చేపలు అమ్మేశాక చూద్దాం లెమ్మందట. అదీ ఆవిడ.

నేనూ మా ఆవిడా వెళ్ళేసరికి ఇంటిముందు ఇసుకలో జనం నిలబడి ఉన్నారు. నాకు తెలియని ఒక పెద్దాయన పక్కవాడితో అంటున్నాడు, "అడివికెల్లి పులిని సూసొచ్చినమ్మ ఈవిడే." ఆ మాట వెనకున్న కథలో నేనున్నాను. చెప్పుకోదగ్గ పాత్ర కాదు నాది. అయినా అది దాచేసి ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే, వాటిని ఆవిడే ఒప్పుకోదు.

మాది గోదావరి వైపు. స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం వచ్చి, కూర్మన్నపాలెం దగ్గర క్వార్టర్లో దిగాం. వారానికి మూడు రోజులు ఆవిడ గంపతో బస్సు దిగి మా బ్లాకుకి వచ్చేది. ఇక్కడ అక్కని అప్ప అంటారు. మా ఆవిడ చేపలప్పా అని పిలవడం మొదలుపెట్టింది, బ్లాకంతా అదే పిలుపైంది. భర్త పోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఇద్దరు కొడుకుల్నీ ఆ గంపే పెంచింది.

ఏ చేపనైనా మొప్ప ఎత్తి ఎర్రగా చూపించి గానీ ఇచ్చేది కాదు. "సూసి తీసుకో. సూడకుండా తీసుకున్నోడికి నాను అమ్మను," అనేది. మా ఎదురు క్వార్టర్లో ఒకసారి టీ ఇచ్చారు. గోడమీద విడిగా పెట్టి ఉంచిన గ్లాసులో. ఆవిడ ఆ గ్లాసుని అలాగే మళ్ళీ గోడమీద పెట్టింది. "టీ మీరే తాగండమ్మా," అని గంప ఎత్తుకుంది. తరవాత ఆ గుమ్మం తొక్కలేదు. ఎదురు క్వార్టరాయన చేపల కోసం గాజువాక దాకా వెళ్ళాల్సి వచ్చేది.

తొంభైల మధ్యలో ఒక చలికాలం. కంపెనీ ప్రయాణానికిచ్చే ఎల్‌టీసీ డబ్బు మీద నాలుగు కుటుంబాలం కలిసి మధ్యప్రదేశ్‌లోని కాన్హా వెళ్ళాలనుకున్నాం. పులుల అడవి. ఆదివారాలు మా ముందుగదిలో మీటింగులు. అట్లాసు, రైల్వే టైంటేబులు ముందేసుకుని నేనే రాతపని చేసేవాణ్ణి. రాయపూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి వ్యాను, అడవిలో జీపులు. కళ్ళకి కొట్టే రంగు బట్టలు వద్దు, సెంటు వద్దు, గట్టిగా మాట్లాడొద్దు అని జాబితా రాస్తున్నాను. వెనక వరండాలో చేపలు కోస్తున్న అప్ప లేచి చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, నానూ వస్తాను. నా టికెట్టు నానే కొనుక్కుంటాను. దారి తెల్దు, మీ ఎనకాల వస్తాను."

అందరూ నవ్వారు. "నీకెందుకప్పా పులి? ఏ తిరుపతో సింహాచలమో వెళ్ళక," అంది ఒకావిడ.

"సిమ్మాచలం ఎల్తానే ఉంటాను. సిన్నప్పుడు మా కొండెక్కుతానంటే పులుందనీవోరు. బడికెల్తానంటే దార్లో పులుందనీవోరు. మొగుడు పోయినాక గంపెత్తుకుని ఊరు దాటతానంటే, బయటన్నీ పులులే అన్నారు. ఇన్నేళ్ళు నన్ను ఆపీసిన ఆ పులి ఏ పాటిదో ఒకసారి సూడాల."

ఎదురు క్వార్టరాయన నా చెవిలో అన్నాడు, కానీ గదంతా వినబడింది. "సెంటే వద్దంటున్నారు. రెండ్రోజులు ఆ చేపల కంపు ఎవరు భరిస్తారు?"

"పులికి సెంటే పడదు బాబూ, సేపల వాసన పడతాది," అంది అప్ప. "మీకన్నా ముందు నా కాడికే వస్తాది."

ఎవరూ నవ్వలేదు. అందరూ నాకేసి చూశారు. నా ఒళ్ళో ఉన్న సీట్ల కాగితం మీద రెండు ఖాళీలున్నాయి.

"సీట్లు నిండిపోయాయి అప్పా," అన్నాను.

చేప మొప్ప ఎత్తి చూసినట్టు చూసింది నా మొహంలోకి. వెళ్ళి మిగిలిన చేపలు కోసి, వరండా కడిగి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ నాకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది. "సీట్లున్నాయిగా? ఎందుకలా చెప్పారు?" అని అడిగింది. అప్ప మళ్ళీ వచ్చిన రోజున మా ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది, మా రైలు పేరుతో సహా.

పది రోజుల తరవాత అప్ప రొంటిన దోపుకున్న టికెట్టు తీసి నా ముందు పెట్టింది. స్టేషన్‌కి వెళ్ళి, ఎవరో కాలేజీ పిల్ల చేత ఫారం నింపించుకుని కొనుక్కొచ్చింది. అదే రైలు, వేరే పెట్టె.

"కౌంటర్లో బాబు సీటుందన్నాడు. మీరు నేదన్నారు. ఇద్దర్లో ఎవుళో అబద్దమాడినారు," అంది. కోపంగా కాదు. ఇవాళ సముద్రం ఎలా ఉందో చెప్పినట్టు చెప్పింది.

తరవాత కొడుకులిద్దరూ మా ఇంటికొచ్చారు. "మీరైనా ఆపండి బాబూ. ఊళ్ళో నవ్వుతన్నారు. కాశీ ఎల్తానంటే మేవే తీసుకెల్తాం," అన్నాడు పెద్దవాడు. అప్ప వాళ్ళ వెనకాలే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది.

"నవ్వనీరా. ఆళ్ళు నవ్వితే నా కాళ్ళిరిగిపోతాయేటి? గంప మోసిన కాళ్ళివి. ఎక్కడికెల్లాలో ఈటికి తెల్దేటి?"

బయల్దేరిన రోజున రైలు విజయనగరం దాటాక మా ఆవిడ వెళ్ళి అప్పని మా పెట్టెలోకి తీసుకొచ్చింది. ఎదురు క్వార్టరాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఆ రోజు తప్పు మాట్లాడానప్పా అన్నాను.

"తప్పు సెప్పీసుకుంటే నీకు తేలికైపోద్ది బాబూ. నాకేటొస్తాది? కాస్త జరుగు, కిటికీ కాడ కూకుంటాను."

కాన్హాలో మూడుసార్లు అడవిలోకి వెళ్ళాం. ఆవిడ మా జీపులోనే కూర్చుంది. చలికి మా ఆవిడ శాలువా ఇద్దరూ కప్పుకున్నారు. జింకలు కనిపించాయి, అడవిదున్నలు కనిపించాయి. పులి మాత్రం రాలేదు. మూడోసారి కూడా రాకపోయేసరికి ఎదురు క్వార్టరాయన గేటు దగ్గర గైడుని పట్టుకుని అరిచాడు. ఆ గైడు తలొంచుకుని నిలబడ్డాడు.

అప్ప జీపు దిగి మధ్యలోకి వెళ్ళింది. "వల ఏసిన పతీసారీ సేప పడతాదేటి? ఆ బాబునెందుకు తిడతారు? పులేటి మీ ఇంట్లో పిల్లా, పిలిస్తే రావడానికి?" ఆమె మాట గైడుకి అర్థం కాలేదు గానీ ఎవరి వైపు మాట్లాడుతోందో తెలిసింది. పులి ఎప్పుడు కనబడుతుందో అడగమని నన్ను పురమాయించింది. ఎండాకాలం రమ్మన్నాడు గైడు. అడవిలో నీళ్ళెండిపోతే, మిగిలిన మడుగుల దగ్గరికి పులి రాక తప్పదన్నాడు. ఆవిడ ఆ మాట నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

పులిని చూడ్డానికెళ్ళి జింకల్ని చూసొచ్చిందని యారాడలో చాలాకాలం నవ్వుకున్నారు. "మళ్ళీ ఎల్తాను," అనేది ఆవిడ. నేను కూడా అది మాట వరసకే అనుకున్నాను.

ఐదారేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక ఒక మార్చి నెలలో అప్ప మా ఇంటికి గంప లేకుండా వచ్చింది. వెంట యారాడ ఆడవాళ్ళు నలుగురు. అందరూ చేపలమ్ముకునేవాళ్ళే. సోఫాలో కూర్చోమంటే కూర్చున్నారు.

"ఎండల్లో సేపలేట ఆపీస్తారు కదా బాబూ. మాకు పని ఉండదు. పులి మడుగు కాడికి వచ్చీదీ అప్పుడే. అందికే ఆ రోజులు సూసుకున్నాం," అంది. మేము అట్లాసులూ టైంటేబుళ్ళూ పెట్టుకుని నెలరోజులు వేసిన ప్లానులో ఆ సంగతే లేదు. తీరిక దొరికిన చలికాలాన్ని ఎంచుకున్నాం తప్ప, పులి తీరికని ఎవరం ఆలోచించలేదు.

"మాకు హిందీ రాదు. మీరిద్దరూ రండి. జీపులో మీకు రెండు సీట్లుంచాం," అంది. మా ఆవిడ నాకేసి చూడకుండా లోపలికి వెళ్ళి నవ్వుకుంది.

ఈసారి కొడుకులు ఆపలేదు. పెద్దవాడు స్టేషన్‌కొచ్చి సామాను ఎక్కించాడు. కోడలు ఎండుచేపల వేపుడు డబ్బాలో పెట్టి ఇచ్చింది. రైలు పెట్టెలో ఒకాయన ముక్కు మూసుకుంటే అప్ప ఆ డబ్బా మూత ఇంకాస్త తెరిచి, "తింటారేటి?" అని అడిగింది. ఆయన తిన్నాడు కూడా.

కాన్హాలో రెండో రోజు పొద్దున, ఎండ ఇంకా ముదరలేదు. మడుగు పక్క మలుపులో జీపు ఆగింది. గైడు నోటిమీద వేలు పెట్టుకుని చూపించాడు. నీళ్ళలోంచి లేచి దారి మధ్యకి వచ్చి నిలబడింది పులి. పొట్టకింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. జీపులో ఆడవాళ్ళు అమ్మవారి వాహనమని చేతులు జోడించారు.

అప్ప చేతులు జోడించలేదు. లేచి నిలబడింది. కూర్చోమని గైడు సైగ చేసినా కూర్చోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, తలకాయ నుంచి తోక దాకా నిదానంగా చూసింది. పులి కూడా తలెత్తి చూసింది. ఎంతసేపో నేను చెప్పలేను.

"ఇదా?" అంది అప్ప మెల్లిగా.

పులి దారి దాటి ఎండుగడ్డిలోకి వెళ్ళిపోయింది. అది వెళ్ళిన మేరా గడ్డి కదులుతూ కదులుతూ పోయింది, తరవాత ఆగిపోయింది. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. అప్ప వెనక్కి తిరిగి ఆ గడ్డివైపే చూస్తూ, అలాగే నిలబడి ఉంది, కొంగు గాలికి ఎగురుతోంటే.