నేనిచ్చిన ఎర్ర తెరచాప

బంగాళాఖాతంలో కొంత భాగాన్ని ఒకసారి నేను ఎర్రగా మార్చాను. కావాలని చేసిన పని కాదు. సముద్రంతో నాకు ఏ తగాదా లేదు, ఉన్నదల్లా ప్రేమే. అనర్థం అక్కడే మొదలైంది. ఇది చదివాక మీలో ఎవరైనా నన్ను బట్టల గురించి సలహా అడగడం మానుకుంటే, ఇంత సిరా ఖర్చు పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

డెబ్బైల మొదట్లో సంగతి. బెజవాడ వన్‌టౌన్‌లో మాకు చేనేత బట్టల కొట్టు ఉండేది. మా వంశంలో ఎవరికైనా నీళ్ళతో పని ఉందంటే అది నూలు తడపడానికే. నాకు మాత్రం చిన్నప్పుడు మంగినపూడిలో సముద్రం చూసిన రోజు నుంచీ మతి పోయింది. ఆదివారం వస్తే చాలు, బందరు బస్సెక్కేవాణ్ణి. సినిమాకు వెళ్ళే స్నేహితులు "అక్కడేముందిరా?" అని అడిగితే "నీళ్ళు" అనేవాణ్ణి. అంతకు మించి చెప్పినా వాళ్ళకు అర్థమయ్యేది కాదు.

అక్కడ నన్ను భరించిన మనిషి నాంచారయ్య గారు. బందరు పక్క పల్లెలో ఆయనకో తెరచాప నావ ఉండేది. తమ్ముడు సుబ్బయ్యతో కలిసి చేపల వేటకు వెళ్ళేవారు. మొదటిసారి నన్ను ఎక్కించుకున్నప్పుడు, తిన్నదంతా సముద్రానికి సమర్పించి, కడుపులో ఇంకేమైనా మిగిలిందేమోనని వెతికి మరీ ఇచ్చాను. అయినా మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ మొండితనానికి జాలిపడి ఆయన గేలం వేయడం నేర్పారు. ఒడ్డు కనుమరుగై, చుట్టూ నీళ్ళే మిగిలినప్పుడు, వేలికి చుట్టుకున్న తాడు ఉన్నట్టుండి గుంజుతుంది చూడండి, అలాంటి ఆనందం నాకు తరువాత పెళ్ళిపీటల మీద కూడా కలగలేదు. మా ఆవిడకు ఈ సంగతి తెలుసు.

ఒక వేసవి చివర నాంచారయ్య గారు మా కొట్టుకు వచ్చారు. నాన్న సరుకు కోసం చీరాల వెళ్ళారు. గల్లాపెట్టె దగ్గర నేనున్నాను.

"పాత తెరచాప చిరిగిపోయిందండీ అబ్బాయిగారూ. ముతక తెల్లగుడ్డ ఏదన్నా ఇప్పించండి."

తెల్లగుడ్డ! సముద్రం మీద నాకున్న ప్రేమకు అది చాలా తక్కువనిపించింది. వెనకగదిలోకి వెళ్ళి, ఓ మూల పడి ఉన్న బేలు విప్పి, రక్తమందారం లాంటి ఎర్రటి ముతక గుడ్డ తెచ్చి ఆయన ముందు పరిచాను.

"ఎర్రదా?" అన్నారాయన.

"అదేనండీ అందం. ఎంత దూరాన ఉన్నా మీ నావేనని ఒడ్డు మీద అందరికీ తెలిసిపోతుంది."

"తెలిస్తే?"

"మీ ఆవిడ అన్నం వేడిగా వండి ఉంచుతారు కదండీ" అన్నాను.

ఆయన గుడ్డను నలిపి, లాగి చూశారు. "గట్టిదే. రంగు ఆగుద్దా?"

'నాన్న వచ్చాక అడిగి చెబుతాను' అని ఉంటే సరిపోయేది. మా కొట్టులో పనిచేసే ఎవరైనా అదే అనేవారు. నేను ఛాతీ విరుచుకుని, "ప్రాణం పోయినా ఈ రంగు పోదండీ" అన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే కొత్త చాపతో నావ దిగింది. చూడటానికి పల్లె పల్లెంతా ఒడ్డుకు వచ్చింది. "ఎవరి పెళ్ళికిరా సుబ్బయ్యా?" అని ఓ ముసలాయన కేక వేశాడు. సుబ్బయ్య తల దించుకున్నాడు. నేను మాత్రం పెళ్ళికొడుకులా ముందు కూర్చున్నాను.

వేట బ్రహ్మాండంగా సాగింది. చందువలు, వెండి పళ్ళేల్లా తెల్లగా మెరిసేవి, వలనిండా పడ్డాయి. అదంతా ఎర్రచాప మహిమేనని నేను రెండుమూడుసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. గాలి తిరిగింది. వాన మొదలైంది.

మొదటి చుక్క నా ముక్కు మీద పడింది. తుడుచుకుంటే వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలెత్తి చూస్తే సుబ్బయ్య నుదుటి మీంచి ఎర్రటి ధార కారుతోంది.

"సుబ్బయ్యా, నీ తల పగిలింది!" అని అరిచాను.

"నాది కాదండీ, మీదే పగిలింది!" అని అతను అంతకంటే గట్టిగా అరిచాడు.

చుక్కాని పట్టుకున్న నాంచారయ్య గారు ఓసారి పైకి చూశారు. "ఎవరి తలా పగల్లేదురా. చాప కారతంది."

నిజమే. తెరచాప అంచుల నుంచి ఎరుపు ధారలు కట్టి మా ముగ్గురి మీదా, చేపల మీదా సమానంగా పడుతోంది. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు.

"అబ్బాయిగారూ" అన్నారాయన. "ప్రాణం పోయినా రంగు పోదన్నారు?"

"అన్నానండీ."

"ప్రాణం ఇంకా ఉందండీ."

గాలి పెరిగింది. నావ ఒక పక్కకు ఒరిగింది. "చాప దించేద్దామా అన్నా?" అన్నాడు సుబ్బయ్య. "దించితే ఒడ్డుకెట్టా పోతాం? కారనీ" అన్నారు నాంచారయ్య గారు. నావలో చేరిన నీళ్ళు తోడిపోయమని నాకు డబ్బా ఇచ్చారు. అప్పుడు మాత్రం నిజంగా భయపడ్డాను. ఇంట్లో చెప్పకుండా వచ్చిన సంగతి గుర్తొచ్చింది. వణుకుతూ తోడాను, ఏడుస్తూ తోడాను. నేను పోసినచోటల్లా సముద్రం ఎర్రబడింది.

సాయంత్రానికి గాలి తగ్గి, ఎలాగో ఒడ్డుకు చేరాం. వాన చూసి భయపడిన ఆడవాళ్ళందరూ అక్కడే నిలబడి ఉన్నారు. నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రగా ఉన్న ముగ్గురు మగవాళ్ళు వాళ్ళకు కనిపించారు. నాంచారయ్య గారి భార్య వీరమ్మ గుండెలు బాదుకుంటూ మోకాలి లోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఓరి నాయనో! ఎవడు నరికాడయ్యా మిమ్మల్ని?"

"ఎవడూ నరకలేదే. వానొచ్చింది."

"వానొస్తే ఈ నెత్తురేందయ్యా?"

"నెత్తురు కాదే. అబ్బాయిగారి చాప."

ఆవిడ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. కొంగు ఎర్రబడింది. కొంగు వంక చూసి, తరువాత నా వంక చూసింది. ఆ చూపు ముందు గాలివాన ఎంతో నయమనిపించింది.

చేపలు కొనేవాళ్ళు గంపల్లోకి తొంగిచూశారు. "చందువలకి ఇంత సిగ్గెందుకొచ్చిందే వీరమ్మా?" అని ఒకావిడ అడిగింది. ఎన్నిసార్లు కడిగినా ఆ సిగ్గు పోలేదు, ఒక్క చేపా అమ్ముడుపోలేదు. చివరకు ఉప్పు వేసి ఎండబెట్టుకోవాల్సి వచ్చింది. అంత మంచి వేట అలా అయినందుకు నాంచారయ్య గారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాణ్ణి.

బెజవాడ బస్సెక్కాను. కండక్టరు నన్ను కిందికీ పైకీ చూసి, గొంతు తగ్గించి గౌరవంగా అడిగాడు.

"మీటింగ్ ఎక్కడండీ కామ్రేడ్?"

"సముద్రంలో" అన్నాను.

"జనం బాగా వచ్చారా?"

"ముగ్గురమే."

"మొదట్లో అంతే ఉంటదిలెండి" అని ఓదార్చి టిక్కెట్టు కొట్టాడు. ఉయ్యూరులో ఎక్కిన ఒకాయన నన్ను చూడగానే పిడికిలి ఎత్తాడు. నేనూ ఎత్తాను. అప్పటికి నాకు వాదించే ఓపిక లేదు.

ఇంటికి చేరేసరికి నాన్న చీరాల నుంచి వచ్చేశారు. గుమ్మంలో నిలబడి జరిగిందంతా చెప్పాను.

"ఆ బేలు వెనకగదిలో ఎందుకు పడేశాననుకున్నావు?" అన్నారు చివరికి.

"తెలీదు నాన్నా."

"రంగు నిలవడం లేదని. నేసినవాళ్ళకి తిరిగి పంపేద్దామని."

తువ్వాలు కొస తడిపి నా దగ్గరికి వచ్చారు. నా చెంప పట్టుకుని గట్టిగా రుద్దారు. ఇంకా గట్టిగా రుద్దారు. తువ్వాలును దీపం దగ్గరికి తీసుకెళ్ళి రెండువైపులా తిప్పి చూశారు. తెల్లగా ఉంది.

"నిలిచింది" అన్నారు. "ఇంక ఏ ముఖం పెట్టుకుని తిరిగి పంపను?"

మర్నాడు తెల్లగుడ్డ తానొకటి నా భుజానికెత్తి నన్ను బందరు పంపారు. దానికి ముందు, పెరట్లో నూతి పక్కన కూర్చుని, కుడిచెయ్యి పైకెత్తి, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేశాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ సముద్రాన్ని విడవను. కానీ ఈ జన్మలో, వచ్చే జన్మలో, ఆ పై జన్మల్లో కూడా, ఏ నావకూ ఏ రంగు గుడ్డా నా చేత్తో ఇవ్వను. నేనిలా గంభీరంగా పలుకుతున్నంతసేపూ మా అమ్మ కొబ్బరిపీచుతో నా వీపు తోముతూనే ఉంది.