మోతీ కోసం వండిన కూరగాయల అన్నం

కుక్కను ఇంటిపట్టున ఉంచుకోవాలని అన్నం వండి, పక్కింటి కుక్కర్‌ను బొగ్గు చేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో చూడండి, నేనే.

పాశమైలారంలో ఒక కంపెనీ గేటు ఎదురుగా మాది ఒంటిగది. మా ఆయన పోయాక అందులో నేనూ, మా నల్లకుక్క మోతీ మిగిలాం. నేను ఆ కంపెనీలోనే రాత్రిపాళీలో ఊడ్చే పని చేసేదాన్ని. పగలు ఇంటికొచ్చి తోడుగా ఓ ముద్ద తిందామంటే మోతీ ఉంటేగా! మధ్యాహ్నం సైరన్ మోగిందంటే చాలు, పెళ్లిపిలుపు అందిన చుట్టంలా కంపెనీ క్యాంటీన్ వెనక్కి పరుగు. నేను గోడను చూస్తూ తినాలి.

"నీకు నేనేం తక్కువ జేసిన్రా? చెప్పి పో!" అని అరిస్తే తోకైనా ఊపేది కాదు.

క్యాంటీన్‌లో ఏం వండుతారని ఆరా తీస్తే, కూరగాయల అన్నమన్నారు. ఓస్, ఇంతేనా అనుకుని పక్కగది పద్మ దగ్గరికి పోయాను. కృష్ణా జిల్లా మనిషి.

"వదినా, నీ కుక్కర్ జెర ఇయ్యవా? కూరగాయలన్నం వండాలె."

"చుట్టాలొస్తున్నారా వదినగారూ?"

"మోతీకి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కుక్కకా! నేను మా ఆయనకు చేసిపెట్టి ఏడాదైందండీ."

"మీ ఆయన యాడికీ ఉరుకుతలేడు గద!"

పద్మ నవ్వాపుకుంటూ, "మూడు విజిల్స్ రాగానే దింపేయండి. మా అమ్మ సారెలో పెట్టిన కుక్కర్, జాగ్రత్త" అంది. నాకు చదువు రాదు గానీ మూడు దాకా లెక్క బాగానే వచ్చు.

క్యారెట్, బీన్స్, బఠానీలు వేసి, కుక్కకు పడదని ఉల్లిగడ్డ మానేసి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి గోడకు చేరగిలబడ్డాను. ఇక్కడే కొంప మునిగింది. ఇరవై ఏళ్లు కంపెనీ కూతల మధ్య బతికిన చెవి నాది. కూత వినబడితే అటు తిరిగి పడుకోవడమే దానికి తెలుసు.

మొదటి విజిల్‌కు మా ఆయన కంపెనీ బస్సు దిగాడు. బస్సు చక్రాలు నేలను తాకడం లేదు. రెండోదానికి గొట్టాల పొగలోంచి, తెల్లటి దూది పొలంలో నడిచినట్టు, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. మూడోదానికి నా పక్కన కూర్చుని, "పండుకో, ఇది మన షిఫ్టు కాదు" అన్నాడు. మొగుడి మాట కాదంటానా? పడుకున్నాను.

ఆ తర్వాత ఎన్ని షిఫ్టులు మారాయో నాకు తెలియదు.

"వదినగారూ! పొగ! అయ్యో, మా అమ్మ కుక్కరు!"

పద్మ కేకకు లేచి స్టవ్ ఆర్పాను. అప్పుడే మధ్యాహ్నం సైరన్ మోగింది. గడపలోంచి మోతీ లేచి గేటువైపు దౌడు తీసింది. అన్నం పోయె, కుక్కర్ పోయె, కుక్కా పోయె.

సగం దారిలో మోతీ ఆగింది. ముక్కెత్తి గాలి పీల్చింది. గిర్రున తిరిగి, నన్ను దాటుకుని గదిలోకి దూరింది.

పైపై అన్నం తీసి, చల్లార్చి పెట్టాను. మూతి తిప్పుకుంది. అడుగున మాడిన చెక్క పెకిలించి వేశాను. కరకరమని అప్పడంలా నమిలేసింది.

పద్మ నెత్తి కొట్టుకుంది. "క్యాంటీన్ వాళ్లు కుక్కలకు వేసేది అడుగు మాడేనండీ! మంచి అన్నం ఎవరేస్తారు?"

ఆ పూట పై అన్నం నేను, మాడు మోతీ, పక్కపక్కన కూర్చుని తిన్నాం. గోడవైపు చూసే పనే పడలేదు.

కుక్కర్‌ను చింతపండుతో మూడు రోజులు తోమి, దాని మీదే చెయ్యి వేసి పద్మ ముందు ఒట్టు పెట్టాను: ఈ జన్మలో ఇక నిద్రపోయి అన్నం మాడబెట్టనని. ఆ మాట తప్పలేదు. మర్నాటి నుంచి నా సొంత గిన్నెలో, కళ్లు తెరుచుకుని కూర్చుని మరీ మాడబెట్టాను.