తడిసిన గొంగడి వాసన

నిన్న మా మనవరాలు ఒక యుద్ధం నవల చదివి వినిపిస్తోంది. సిపాయి వానకు తడిసిన ఉన్ని కంబళి కప్పుకున్నాడనగానే నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"తాతా, నువ్వెన్నడన్న యుద్ధం చూసినవా?" అంది.

చూడలేదు, చూడనక్కరా లేదు. తడిసిన గొంగడి వాసన నాకు తెలుసు. గొర్లమందల వెంట పెరిగిన నా ఈడువాళ్లారా, మీకూ తెలుసు.

నా చిన్నప్పుడు వాగు పొంగిన రోజు మంద ఒక్కటే ఇల్లు చేరింది, బాపు రాలేదు. అమ్మ వాకిట్లో నిలబడి వాగు దిక్కే చూసింది. పొద్దు వాలాక బాపు నీళ్లు కారే గొంగడితో వచ్చాడు.

"ఒక గొర్రెపిల్ల అవతల చిక్కింది, దానికోసం ఆగిన," అన్నాడు.

"గొర్రెనే లగ్గం చేసుకోకపోయినవ్," అంటూ అమ్మ ఏడ్చింది, నవ్వింది.

నవలలో సిపాయి ఇల్లు చేరేదాకా మనవరాలిని లేవనియ్యలేదు. చేరాడు.