పదకొండు నిమిషాల విలన్

ఐరాల పక్కన మా ఊళ్ళోకి వచ్చి మునిరత్నం ఇల్లెక్కడని అడిగితే పిల్లలు తెల్లముఖం వేయవచ్చు. పాలెగాడి ఇల్లు అనండి, మా గడప దగ్గర దించిపోతారు. ఇరవై తొమ్మిది గంగమ్మ జాతరల్లో ఆ వేషం కట్టినవాణ్ణి నేను. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయినా పొరుగూరివాళ్ళు పిలిచి నా చేతికి వెండి కడియం తొడిగారు. ఒక ఏడు జాతరకు పదిరోజుల ముందు చెయ్యి విరిగింది. పుత్తూరు కట్టు మీద నల్లరంగు పూసుకుని వేషం కట్టానే గానీ, ఇంకొకడి తలకు నా తలపాగా ఇవ్వలేదు.

అలాంటి నాకు ఈ ఏడు జాతర కమిటీ పెద్ద ఢిల్లీబాబు వేగం నేర్పబోయాడు!

మా జాతర చివరిరోజు పొద్దున పాలెగాడు వీధుల్లోకి వస్తాడు. ఊరి ఆడవాళ్ళను ఏడిపించిన దుర్మార్గుడు వాడు. ప్రతి గడప ముందూ ఆగాలి. ఆ ఇంటి ఆడమనిషి పాతచీపురు పట్టుకుని, ఎవరి మీది కోపమైనా వాడి మీద పెట్టి తిట్టినంతసేపూ తల వంచుకుని నిలబడాలి. ఆమె ఒక్క దెబ్బ వేశాకే ముందుకు కదలాలి. అలా నూట పన్నెండు గడపలూ తిరిగి, గుడి ముందు అమ్మవారి కత్తికి పడిపోవాలి. మూడు గంటల పని.

"జనానికి ఓపిక లేదు మామా. ఫోన్లో లైవ్ ఇస్తాండాము. నలభై నిమిషాల్లో నువ్వు సచ్చిపోవాల" అన్నాడు ఢిల్లీబాబు.

నడివీధి ఒక్కటే చాలునట. కిందవీధి మొత్తం కొట్టేశాడు. ఆ వీధిలో చివరి గడప తాయమ్మది. నిరుడు ఆమె గొర్రెలు నాలుగు మాయమయ్యాయి. ఎవరు తోలుకుపోయారో ఊరందరికీ తెలుసు, అడిగిన నోరు ఒక్కటీ లేదు. "జాతర దాకా మింగుకోని ఉండాను అన్నా" అని ఆమె నాతో చెప్పి ఉంది. ఆ గడప తొక్కకుండా నేనెలా చచ్చేది?

నన్ను ఒప్పించడానికి ఢిల్లీబాబు తిరుపతి తీసుకుపోయి సినిమా చూపించాడు. ఆకాశంలో ఎగిరే వీరుడి కథ. అక్కడ డిగ్రీ చదువుతున్న మా మనవరాలు పల్లవి కూడా వచ్చింది. ఆట వదిలాక టీ అంగడి దగ్గర నిలబడ్డాం.

"ఎట్లుండాది మామా స్పీడు?"

"మూడు గంటల పది నిమిషాలు కూసోబెట్టి స్పీడంటావేందప్పా? వాచీ సూసుకుంటానే ఉండాను. విలన్ కనబడింది పదకొండే నిమిషాలు!"

"పదకొండు నిమిషాల్లోనే సగం ఊరు కూల్చేసినాడు కదా తాతా" అంది పల్లవి.

"కూలిన ఇండ్లల్లోంచి ఒక్క ఆడమనిషన్నా బయటికొచ్చి 'నీ చేతులిరగ' అనిందా? హీరో పైనుంచి వెలుగు కొట్టె, వాడు బూడిదాయె. తిట్లు తినకుండా సచ్చినోడు విలన్ ఎట్లయితాడే?"

"రెండో భాగంలో మళ్ళా వస్తాడంట తాతా."

"బూడిదైనోడు యాడినుంచి వస్తాడు? మిగిలిన మూడు గంటలూ హీరో వాళ్ళ నాయన కోసరం ఏడిసె. అదీ నాలుగుమాట్లు!"

పల్లవి టీ ఒలకబోసుకుంటూ నవ్వింది. ఢిల్లీబాబు నవ్వలేదు.

"విలన్ని ఎంత బిరీన సంపితే జనానికి అంత ఖుషీ మామా. నడివీధితో ఆపకుంటే వచ్చే ఏడు వేషం మా తమ్ముడు రూపేష్‌కే."

ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు తిట్లు తిన్నవాణ్ణి బెదిరిస్తాడా!

జాతరనాడు నడివీధి అయిపోగానే మైకు అరిచింది: "పాలెగాడు గుడికాడికి రావాల!" నేను కిందవీధికి తిరిగాను. అమ్మవారి వేషంలో యోగానంద కత్తి పట్టుకుని ఎండలో ఎదురుచూస్తూనే ఉన్నాడు. నేను పోనిదే కత్తికి పనేముంది? ఢిల్లీబాబు ఫోను ఎత్తిపట్టుకుని నా వెనకే పరుగెత్తాడు.

తాయమ్మ గడప ముందు తల వంచాను.

"ఒరే పాలెగాడా! దిక్కులేనిదాని దొడ్లో నాలుగు గొర్రెలు తోలుకపోయి విందు సేసుకుంటివే! ముద్ద ముద్దకీ నా ఏడుపు అడ్డంపడలేదా? తెల్లబట్టలేసుకోని నా ముందరే తిరగతాండావే, సిగ్గులేదా?"

కిందవీధి జనమంతా ఒక్కసారి నడివీధి వైపు చూశారు. అక్కడ అరుగు మీద ఒక తెల్లచొక్కా లేచి లోపలికి పోయింది. లైవ్ నడుస్తూనే ఉంది. తాయమ్మ చీపురు నా వీపున పడింది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "గెట్టిగా తగిలిందా అన్నా?" అంది. పాలెగాడు మాట్లాడకూడదు. లేదని తల ఊపాను.

గుడి ముందు పడి లేచేసరికి ఢిల్లీబాబు నెత్తిన నిలబడి ఉన్నాడు.

"మూడు గంటల ఐదు నిమిషాలు మామా!"

"మూడు గంటల్లో విలన్ ఒక్క నిమిషమన్నా పక్కకు పోయినాడా?"

"వచ్చే ఏడు రూపేష్‌దే వేషం. ముందే సెప్పినా."

"ఇయ్యప్పా. వాని తలకు తలపాగా నేనే కడతా. ముందు కిందవీధి దావ సూపించినాకే కడతా."