కోటమ్మ అలక

1962లో కావలి తాలూకాలో, ఉప్పుగాలికి మందుసీసాల మూతలు తుప్పుపట్టే ఒక పల్లె డిస్పెన్సరీకి నన్ను వేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. కత్తి పట్టింది మాత్రం సెగగడ్డలు కోయడానికే. అక్కడ నేను చేసిన మొదటి ఘనకార్యం, రోగికి మందుకు బదులు చీర రాసివ్వడం.

రోగి కోటమ్మ, గంపలో చేపలమ్మే మనిషి. కూడా వచ్చిన భర్త పోలయ్యే అంతా చెప్పాడు: కొన్నాళ్లుగా నవ్వదు, గొంతెత్తదు, పిలిస్తే తీరిగ్గా వస్తుంది, ఇది రోగం కాదు, అలక. పుట్టింట్లో దించేసి వస్తానన్నాడు. ముందు మంచి చీర కొనిపెట్టి చూడమన్నాను. సారు మాట కదా అని సారె పెట్టినంత పని చేశాడు. మళ్లీ వచ్చాడు, కోటమ్మతో సహా.

"మీ మందు పనిచేయలా సారూ. ఆ చీర కట్టుకునేదానికి గూడా పొద్దెక్కిందాకా చేస్తా ఉండాది. ఇంక దించేసి వస్తా."

అప్పుడు చూశాను ఆమె చేతిని. ఒళ్లో ఊరికే పెట్టుకున్న ఆ చేతి బొటనవేలూ చూపుడువేలూ రొయ్యలు వలుస్తున్నట్టు కదులుతున్నాయి. చేతిలో రొయ్యలు లేవు. ఇంట్లోవాళ్లు పని అలవాటనుకున్నారు. మోచెయ్యి వంచితే పళ్లచక్రం తిప్పినట్టు ఆగి ఆగి వంగింది. వణుకువాతం. మెదడులో పుట్టి, కండరాలు బిగించి, మొహంలో కదలిక తీసేసే జబ్బు. మగవాళ్లలో ఎక్కువని మాకు పాఠం చెప్పారు. మగవాళ్లలోనే అని నేను వంటపట్టించుకున్నాను.

ఎందుకు నవ్వవని ఆమెనే అడిగాను.

"నవ్వతానే ఉండా సారూ," అంది, వినీ వినపడకుండా. "మొకానికి రాలా."

పోలయ్య పుట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు.

బిళ్లల కోసం ఇండెంటు పెట్టాను, అంటే మందులు పంపమని పైవాళ్లకు రాసుకునే అర్జీ. పై అధికారి తిప్పి పంపారు: ఆడమనిషి వణికితే హిస్టీరియా, మత్తుగా పడుకోబెట్టే బ్రోమైడు మిక్స్చరు చాలు. స్వయంగా వెళితే, వాతానికి వాదం దేనికయ్యా అని నవ్వారు. రెండో ఇండెంటులో కోటమ్మ పేరు చివర అమ్మను తీసి అయ్యను పెట్టాను. ప్రశ్న లేకుండా డబ్బా దిగింది.

జబ్బు పోలేదు, పోయేది కాదు. బిగుతు తగ్గింది. గంప పోలయ్య నెత్తికి మారింది, బేరం మాత్రం కోటమ్మదే. జబ్బుకు మగవాళ్ల మీద మొగ్గు ఉండొచ్చు గానీ డాక్టరుకు ఉండకూడదని నేను నేర్చుకున్నది అప్పుడే.

మరుసటేడు ఆ అధికారే తనిఖీకి వచ్చి, బిళ్లలు బాగా ఖర్చవుతున్నాయే, ఆ మనిషిని చూడాలన్నారు. నేను వరండాలోకి వెళ్లి కోటమ్మను వెంటబెట్టుకొచ్చాను.

"వీరేనండీ," అన్నాను, "కోటయ్యగారు."